ఫ్రిజ్ మార్చాలా, వైరు మార్చాలా? మన జలాశయాల మీద తిరిగే క్యాబిన్ బోటుకు సామాను, అలారాల ఎంపిక

మోటారు యాట్, అంటే ఇంజనుతో నడిచే విహార పడవ, అనగానే గోవా, ముంబై సంగతి అనుకుంటాం. కర్నూలుకు సముద్రం లేదు గానీ నీళ్ళకు కొదవ లేదు. శ్రీశైలం జలాశయం పూర్తిమట్టం 885 అడుగులు. అది నిండే ఏడాది వెనుక జలాలు సంగమేశ్వరం గుడిని ముంచేసి ఎగువకు పాకుతాయి. అవుకు రిజర్వాయరు ఉంది, కడప వైపు గండికోట, దాని కింద మైలవరం ఉన్నాయి. పడక, చిన్న వంటగది, టాయిలెట్ ఉన్న పాత క్యాబిన్ బోటును తీరప్రాంతంలో కొని లారీ మీద ఇక్కడికి తెచ్చుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

అలాంటి బోటుతో వచ్చే ఫ్రిజ్, పొయ్యి, అలారం ప్యానెల్ అన్నీ ఉప్పునీళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వాటి పుస్తకాల్లో ఇచ్చే సలహాలూ అంతే. మనకు ఉప్పు బెడద లేదు. మనల్ని ఏడిపించేది మే నెల ఎండ, వరదతో దిగే ఒండ్రు, పార్టు కావాలంటే పట్టే రోజులు. కాబట్టి సముద్రం మీద మొదటి ఎంపిక అయిన సరుకు ఇక్కడ ఆఖరిది కావచ్చు. నా లెక్క ముందే చెప్పేస్తా: చేతిలో డబ్బు కొంతే ఉంటే ముందు వైరింగు, తర్వాత అలారాలు, మిగిలితేనే ఫ్రిజ్, పొయ్యి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఫ్రిజ్ వచ్చిన చుట్టాలకు కనపడుతుంది, పడవ అడుగున నీళ్ళు చేరితే మోగే బిల్జ్ అలారం కనపడదు కదా.

కొనే ముందు మీటరు పెట్టండి

బోటులో "పోయింది" అని తీసి పారేసే సామాను చాలావరకు పోయినది కాదు, కరెంటు సరిగా అందనిది. అవుకులో ఒక బోటు ఫ్రిజ్ సంగతి చెబుతా. ఆన్ చేస్తే టిక్ అంటుంది, రెండు క్షణాలు గుర్రుమంటుంది, ఆగిపోతుంది. "కంప్రెసర్ పోయిందప్పా, కొత్తది తెప్పించు" అని అప్పటికే ఎవరో చెప్పిపోయారు. బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు. ఫ్రిజ్ వెనక టెర్మినల్ దగ్గర, ఫ్రిజ్ ఆపి ఉన్నప్పుడు 12.5. ఇది చూసి వైరింగు బాగుందనుకుంటే మోసపోయినట్టే. మీటరు పుల్లలు అక్కడే పట్టుకుని ఫ్రిజ్ ఆన్ చేయమంటే, కంప్రెసర్ లేవబోయిన క్షణంలో అంకె 10.1కి పడిపోయింది. ఫ్యూజు హోల్డరు మీద వేలు పెడితే వేడి. విప్పి చూస్తే లోపల లగ్గు, అంటే వైరు చివర బిగించే రాగి ముక్క, పచ్చగా చిలుము పట్టి, తీగ పోగుల్లో మూడో వంతు తెగి ఉన్నాయి. లగ్గు కోసి కొత్తది బిగించి, హోల్డరు మార్చితే ఫ్రిజ్ లేచింది. అయిన ఖర్చు టీ, టిఫిను కంటే కాస్త ఎక్కువ.

దీని వెనక ఉన్న కారణం తెలుసుకుంటే మళ్ళీ పనికొస్తుంది. బోటు ఫ్రిజ్‌లలో ఎక్కువగా కనిపించే బీడీ35 రకం కంప్రెసర్‌కు ఒక కంట్రోల్ డబ్బా ఉంటుంది. ఫ్యాక్టరీ సెట్టింగులో, 12 వోల్టుల మీద వోల్టేజి 10.4కి పడితే బ్యాటరీని కాపాడడానికి అది కంప్రెసర్‌ను ఆపేస్తుంది, మళ్ళీ 11.7కి లేచేదాకా కదలనివ్వదు. 24 వోల్టుల మీద అవే అంకెలు 22.8, 24.2. ఆ డబ్బాకు చిన్న ఎల్ఈడీ తగిలించి ఉంటే అది మెరిసే లెక్కే జబ్బు చెప్పేస్తుంది: ఒక్కసారి మెరిస్తే వోల్టేజి పడుతోంది, రెండుసార్లయితే ఫ్యాను ఎక్కువ కరెంటు లాగుతోంది, మూడు అయితే మోటారు లేవలేకపోతోంది, నాలుగు అయితే లేచినా కనీస వేగం అందుకోలేకపోతోంది, ఐదు అయితే డబ్బా వేడెక్కిపోయింది. ఒకటి, రెండు, ఐదు మెరుపులకు కంప్రెసర్ మార్చడం శుద్ధ దండగ. ఐదు అయితే ఫ్రిజ్ వెనక గాలి ఆడే దారి చూడాలి. మన ఎండకు ఎక్కువగా కనపడేది అదే.

వైరు మందానికి ఇదే కంప్రెసర్ తయారీదారు ఇచ్చిన లెక్క నోటికి పట్టేంత సులువు. 12 వోల్టుల్లో బ్యాటరీ నుంచి ఫ్రిజ్ దాకా ఎన్ని మీటర్ల దూరమో, వైరు అన్ని చదరపు మిల్లీమీటర్లు ఉండాలి: 4 మీటర్లకు 4, 6 మీటర్లకు 6. 24 వోల్టులైతే అదే వైరు రెట్టింపు దూరం పోతుంది. ఇంటి వైరింగు చేసే చేయి 10 మీటర్ల దూరానికి అలవాటుగా 2.5 వైరు లాగేస్తుంది. రానుపోను 20 మీటర్ల రాగిలో 5 ఆంపియర్ల దగ్గర దాదాపు 0.7 వోల్టు అక్కడే ఆవిరవుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్న పగలు తేడా తెలియదు, తెల్లవారుజామున ఫ్రిజ్ ఆగుతుంది.

12 మంచిదా, 24 మంచిదా అని అడిగితే ఈ ప్రాంతంలో నేను 24 వైపే. పెద్ద లారీలన్నీ 24 మీద నడుస్తాయి. కర్నూలులో లారీల ఆటో ఎలక్ట్రికల్ షాపుల్లో 24 వోల్టుల రిలే, బజరు, హారను, ఫ్యూజు బాక్సు ఏ సాయంత్రమైనా దొరుకుతాయి. అవుకు, శ్రీశైలం ఇప్పుడు నంద్యాల జిల్లా లెక్కలోకి పోయినా, సామాను కోసం బండెక్కేది కర్నూలుకే. ఒక్క జాగ్రత్త: 24 అంటే రెండు 12 వోల్టుల బ్యాటరీల జత. 12 వోల్టుల రేడియో కోసమో పంపు కోసమో, ఆ జతలో ఒక బ్యాటరీ నుంచి మాత్రమే తీగ లాగొద్దు. ఒకటి ఎప్పుడూ ఆకలితో, రెండోది ఎప్పుడూ అజీర్తితో ఉండి రెండూ త్వరగా పోతాయి. 24ను 12గా మార్చే కన్వర్టరు పెట్టుకోండి.

ఫ్రిజ్: నాలుగు దారులు

మొదటిది, ఇందాక చెప్పిన డీసీ కంప్రెసర్ ఫ్రిజ్. యాభై, అరవై లీటర్లది నడిచేటప్పుడు 12 వోల్టుల మీద నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది. చలికాలంలో రోజుకు ఎనిమిది గంటలు నడిచిందనుకుంటే 36 ఆంపియర్-గంటలు. అదే మేలో, మూసిన క్యాబిన్‌లో పదహారు గంటలు నడిస్తే 72. 150 ఆంపియర్-గంటల ట్యూబులర్ బ్యాటరీలో సగం మించి వాడకూడదనుకుంటే, ఎండాకాలంలో ఒక రోజుకు ఫ్రిజ్ ఒక్కటే దాన్ని తాగేస్తుంది. 200 వాట్ల సోలార్ పలక మంచి ఎండలో, వేడికి పోయేది పోను, ఇంచుమించు 60 ఆంపియర్-గంటలు తిరిగి ఇస్తుంది. కాబట్టి ఈ ఫ్రిజ్ కొనేవాళ్ళు రెండు పలకలకు కూడా డబ్బు పక్కన పెట్టుకోవాలి. ధర ఇంటి ఫ్రిజ్‌కు మూడింతలకు తక్కువ ఉండదు. అయినా రాత్రిళ్ళు నీటి మీదే ఉండే బోటుకు ఇదే సరైనది.

రెండోది, ఇంటి ఫ్రిజ్‌ను ఇన్వర్టరు మీద నడపడం. దీన్ని తీసిపారేసే వాళ్ళతో నేను ఏకీభవించను. వీధికో మెకానిక్ దొరుకుతాడు, లీటర్లు మూడింతలు. లేబుల్ మీద ఏడాదికి 175 యూనిట్లు అని ఉంటే రోజుకు అర యూనిట్ లోపే. కానీ ఆ అంకెలో మీ ఇన్వర్టరు తిండి లేదు. ఖాళీగా ఉన్నా 15 వాట్లు తాగే ఇన్వర్టరు రోజంతా ఆన్‌లో ఉంటే 360 వాట్-గంటలు, అంటే ఫ్రిజ్ తినే దాంట్లో ముప్పాతిక వంతు, ఊరికే పోతుంది. ఇంటి కరెంటు లాంటి నున్నని కరెంటు ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరే కావాలి. స్క్వేర్ వేవ్ మీద కంప్రెసర్ మోటారు గుంయ్ మంటూ వేడెక్కి ఆయుష్షు తగ్గించుకుంటుంది. ఫ్రిజ్ కూడా అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే 'ఇన్వర్టర్ కంప్రెసర్' ఉన్నదైతే మెల్లగా లేస్తుంది, స్టార్టింగులో బ్యాటరీ మీద దెబ్బ పడదు. వెనక స్టిక్కరు మీద క్లైమేట్ క్లాస్ 'టీ' అని ఉందో లేదో చూడండి. 'టీ' అంటే 43 డిగ్రీల దాకా పనిచేసేలా చేసింది, 'ఎస్టీ' అయితే 38 దాకానే, 'ఎన్' అయితే 32. దిగుమతి చేసిన పాత బోట్లలో 'ఎన్' రకం కనిపిస్తే దాన్ని బాగుచేయించే ఆలోచన మానేయండి. నంద్యాల ఎండలో అది బాగున్నా పనికిరాదు.

ఇంటి ఫ్రిజ్‌లలో ఇప్పుడు ఎక్కువగా ఉండేది ఆర్600ఏ గ్యాసు, అంటే ఐసోబ్యుటేన్. మండే గ్యాసు, గాలి కంటే బరువు. రిపేరు వస్తే ఫ్రిజ్‌ను ఒడ్డుకు దించి చేయించాలి. క్యాబిన్‌లో కూర్చుని గ్యాసు టార్చి వెలిగించి పైపులు అతికిస్తానన్న (బ్రేజింగ్) మెకానిక్‌ను బోటు ఎక్కనీయొద్దు.

మూడోది, గ్యాసు, 12 వోల్టులు, 230 వోల్టులు మూడింటి మీదా నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్, అంటే కంప్రెసర్ లేకుండా వేడితోనే చల్లబరిచేది. పాత బోట్లలో ఇది కనిపిస్తుంది, చప్పుడే ఉండదు, అమ్మేవాడు గొప్పగా చెబుతాడు. మన దగ్గర వద్దు. లోపల అమ్మోనియా ద్రవం తనంతట తాను కిందికి జారుతూ తిరగాలి, అందుకు ఫ్రిజ్ దాదాపు సమంగా ఉండాలి. మన జలాశయాల్లో నీళ్ళు తగ్గుతున్నప్పుడు ఒడ్డుకు కట్టిన బోటు ఒక పక్క బురదలో ఆనుకుని ఒరిగి ఉండడం మామూలే. దానికి తోడు బయట వేడి బాగా పెరిగితే ఇది సరిగా చల్లబరచలేదు, గ్యాసు మీద నడిపితే క్యాబిన్‌లో ఎప్పుడూ ఒక మంట. ఉన్నది తీసేసి ఆ గూట్లో డీసీ ఫ్రిజ్ పెట్టుకోండి. గ్యాసు పైపును సిలిండరు దగ్గరే మూసేయాలి, ఫ్రిజ్ దగ్గర కాదు.

నాలుగోది ఐసు పెట్టె. నవ్వకండి. ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ళ వేడి తీసుకుంటుంది, అంటే 93 వాట్-గంటల చల్లదనం. పది కిలోల గడ్డ, మందపాటి ఫోము ఉన్న పెట్టె ఉంటే చిన్న డీసీ ఫ్రిజ్ ఒక రోజు చేసే పని అయిపోతుంది. పొద్దున బయల్దేరి సాయంత్రానికి జెట్టీ చేరే బోటుకు ఫ్రిజ్ కొనడంలో అర్థం లేదు. ఆ డబ్బుతో కింద చెప్పబోయే అలారాలన్నీ వస్తాయి.

పొయ్యి

ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు. 24 వోల్టుల బ్యాటరీ నుంచి అది 83 ఆంపియర్లు, ఇన్వర్టరు నష్టం కలిపితే తొంభై పైనే. 12 వోల్టులైతే దానికి రెట్టింపు. బొటనవేలంత కేబుళ్ళు, లిథియం బ్యాటరీలు ఉన్నవాళ్ళకు బాగుంటుంది, మిగతావాళ్ళకు జెట్టీలో కరెంటు ఉన్నప్పుడే. ఎల్‌పీజీ సులువు, చౌక, అందరికీ అలవాటు. అయితే ఇంటి స్టవ్‌లో మంట ఆరిపోతే గ్యాసు దానంతటది ఆగదు. బోటులో గాలికి మంట ఆరడం రోజూ జరిగే పనే. మంట ఆరగానే వాల్వు మూసుకునే ఏర్పాటు ప్రతి బర్నరుకూ ఉన్న పొయ్యే తీసుకోవాలి. సిలిండరు క్యాబిన్‌లో ఉండకూడదు. పైన డెక్ మీద, అడుగున రంధ్రం ఉండి ఆ రంధ్రం పడవ బయటికి తెరుచుకునే పెట్టెలో ఉండాలి. గుత్తపు ట్రిప్పులు వేసేవాళ్ళు ఇంటి కనెక్షన్ 14.2 కిలోల సిలిండరు వాడితే అది నేరం, కమర్షియల్ తీసుకోండి.

ఇంకో మాట. జొన్నరొట్టె, పప్పు, చెనిక్కాయల ఊరిబిండి ఒడ్డున చేసుకుని హాట్‌ప్యాక్‌లో తెచ్చుకునే బోటుకు ఈ గొడవేదీ లేదు. టీ వరకు ఒక కెటిల్ చాలు.

ఏసీ గురించి ఒక్క ముక్క: దానికి జనరేటరు తప్పదు. డెక్ మీద చిన్న పెట్రోలు జనరేటరు పెట్టి కిటికీలు మూసి పడుకోవడం మాత్రం ఎవరూ చేయొద్దు. ఎందుకో కార్బన్ మోనాక్సైడ్ దగ్గర చెబుతా.

అలారాలు: ఏది ఎక్కడ, ఏది ఎందుకు మోసం చేస్తుంది

అడుగున నీళ్ళు చేరే గుంట, బిల్జ్ నుంచి మొదలుపెడదాం. బిల్జ్ పంపు ఉంది కదా అన్న ధీమా ఎంతమాత్రం పనికిరాదు. నీటిమట్టానికి రెండడుగుల కింద ఒక అంగుళం గొట్టం ఊడిపోయిందనుకోండి. లోపలికి వచ్చే నీళ్ళు గంటకు 3,500 లీటర్ల పైమాటే. చిన్న బోట్లలో పెట్టే 500 గ్యాలన్ల పంపు అట్టపెట్టె మీది అంకె ప్రకారం 1,900 లీటర్లు తోడుతుంది. అది కూడా గొట్టం ఎత్తు లేకుండా, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. పంపు మిమ్మల్ని కాపాడదు. గొట్టం వెతికి వాల్వు మూయడానికి టైమిచ్చేది అలారం. అందుకే దానికి పంపు స్విచ్‌తో సంబంధం లేకుండా నీళ్ళు లేస్తే తేలి స్విచ్ వేసే వేరే ఫ్లోట్, వేరే ఫ్యూజు, నేరుగా బ్యాటరీ నుంచి వైరు కావాలి. మెయిన్ స్విచ్ ఆపి ఇంటికి పోయినా అది మేలుకునే ఉండాలి.

ఫ్లోట్ స్విచ్‌లు మూడు రకాలు. బిజాగిరీ మీద పైకీ కిందికీ ఆడే మామూలు ఫ్లోట్, జాలీ గొట్టంలో దాగిన ఫ్లోట్, కదిలే భాగమే లేని ఎలక్ట్రానిక్ సెన్సరు. అన్నిచోట్లా మూడోదాన్ని మెచ్చుకుంటారు. వరద నీళ్ళొచ్చే జలాశయంలో ఒండ్రు, ఇంజన్ ఆయిలు కలిసి దాని మీద జిడ్డు పొర కడతాయి. అప్పుడది నీళ్ళు లేకపోయినా ఉన్నాయంటుంది, లేదా ఉన్నా పట్టించుకోదు. గొట్టం రకంలో జాలీ పూడిపోతుంది, పైనుంచి చూస్తే తెలియదు. బిజాగిరీ రకం కూడా ఒండ్రుకు బిగుస్తుంది గానీ వేలితో లేపి చూస్తే తెలిసిపోతుంది, ఒక మగ్గు నీళ్ళతో కడిగితే బాగవుతుంది. పంపుకు నా ఓటు దానికే. నీళ్ళు పెరిగితే మోగే అలారానికి మాత్రం వేరే రకం పెట్టి, పంపు ఫ్లోట్ కంటే నాలుగు వేళ్ళ ఎత్తున బిగించండి. రెండూ ఒకే రకమైతే ఒకే జబ్బుతో ఒకేసారి పడిపోతాయి. బోటు ఒరిగి ఉండే కాలంలో నీళ్ళు ఏ మూలకు చేరతాయో కూడా ఒకసారి చూసుకోవాలి.

పంపు తిరగడం లేదంటే ఫ్లోట్ చేత్తో లేపండి. తిరగకపోతే ఫ్లోట్ రెండు తీగలను కలపండి. అప్పుడు తిరిగితే ఫ్లోట్ పోయింది, తిరగకపోతే ఫ్యూజు చూసి, పంపు దగ్గర వోల్టేజి చూసి, చివరగా పంపు అడుగు విప్పండి. నీళ్ళు తోసే రెక్కల చక్రానికి (ఇంపెల్లరు) నైలాన్ దారమో, గుట్కా ప్యాకెట్టో చుట్టుకుని ఉండే అవకాశం ఎక్కువ.

గ్యాసు అలారం. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, ఇంట్లో అయితే తలుపు తీస్తే గడప దాటి పోతుంది. పడవ తొట్టి లాంటిది, లీకైన గ్యాసు అడుగున చేరి అక్కడే కూర్చుంటుంది. సెన్సరు పొయ్యి కింద, నేల మట్టానికి కాస్త పైన, బిల్జ్ నీళ్ళు తగలని చోట ఉండాలి. గోడకు కళ్ళ ఎత్తున బిగించినది అలంకారం. ఇంటి ప్లగ్గుకు పెట్టుకునే 230 వోల్టుల రకం బోటుకు వద్దు, ఇన్వర్టరు ఆపగానే అదీ పడుకుంటుంది. కరెంటుతో తెరిచి మూసే సోలినాయిడ్ వాల్వుతో కలిపి సిలిండరు దగ్గరే గ్యాసును ఆపేసే డీసీ రకం తీసుకోండి. పరీక్షించడానికి లైటరు గ్యాసును నేరుగా సెన్సరు మీదికి వదలడం చాలామందికి అలవాటు, కొన్ని సెన్సర్లు ఆ దెబ్బకే మొద్దుబారతాయి. టెస్ట్ బటన్ నొక్కితే తెలిసేది బజరు, సర్క్యూటు బాగున్నాయని మాత్రమే. ఇంకో శత్రువు మనం రోజూ వాడేదే: కిటికీ అంచులకు పూసే సిలికాన్. అది ఆరేటప్పుడు వచ్చే ఆవిరి, గ్యాసును పట్టే కెటలిటిక్ రకం సెన్సర్లకు విషం. అలాంటి పని పెట్టుకున్నప్పుడు సెన్సరును ఊడదీసి ఒడ్డున పెట్టండి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. దీనికి వాసన లేదు, ఎల్‌పీజీలా కిందికి దిగదు, గాలిలో గాలిలా కలిసిపోతుంది. కాబట్టి పడుకునే వాళ్ళ తల ఎత్తులో, కిటికీకి దూరంగా పెట్టాలి. ఎగ్జాస్టు పొగ పడవ వెనక నుంచి సుడి తిరిగి మళ్ళీ క్యాబిన్‌లోకే వస్తుంది. పక్కన కట్టిన ఇంకో బోటు జనరేటరు పొగ కూడా వస్తుంది. యూరప్ ప్రమాణాల్లో ఇళ్ళ కోసం చేసినవి ఈఎన్ 50291-1, బోట్లు, క్యారవాన్ల కోసం చేసినవి ఈఎన్ 50291-2. ఆ చివరి అంకె చూసి కొనండి, కుదుపులకు తట్టుకునేలా పరీక్షించినది రెండోదే. ఈ ప్రమాణం ప్రకారం గాలిలో 50 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 50) ఉంటే గంట నుంచి గంటన్నర లోపు, 100 ఉంటే పది నుంచి నలభై నిమిషాల లోపు, 300 ఉంటే మూడు నిమిషాల లోపు మోగాలి. తక్కువ గ్యాసుకు వెంటనే మోగలేదని అది చెడిపోయిందనుకోవద్దు. డబ్బా వెనక గడువు తేదీ ఉంటుంది, లోపలి సెల్లు సాధారణంగా ఐదు నుంచి పదేళ్ళు. దానితో పాటు ఎంత వేడి దాకా పనిచేస్తుందో కూడా రాసి ఉంటుంది. 40 డిగ్రీలే అని ఉంటే అద్దాలు మూసి ఎండలో నిలిపిన బోటులో అది వేసవి సెలవలు తీసుకున్నట్టే. 50 పైన రాసి ఉన్నదే చూడండి.

ఈ అలారం గురించి తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: ఇంజన్ ఆపి ఉంది, పొయ్యి వెలిగించలేదు, మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి మోగుతుంది. "పిచ్చి పట్టింది దీనికి" అని బ్యాటరీ పీకేస్తారు. పరుపు కింద ట్యూబులర్ బ్యాటరీలున్నాయా, సోలారు నుంచి చార్జి అవుతున్నాయా చూడండి. చార్జింగులో బుడగలు కక్కే బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, ఈ సెల్లు హైడ్రోజన్‌ను చూసి కార్బన్ మోనాక్సైడ్ అని పొరబడుతుంది. పేరు తప్పు చెప్పినా మాట నిజమే, మీ చార్జరు ఎక్కువ వోల్టేజి తోస్తోంది, ఆ పెట్టెకు గాలి దారి లేదు. ముందు చార్జరు సెట్టింగు, డిస్టిల్డ్ వాటరు, వెంటు చూసి, తర్వాత అలారాన్ని తిట్టండి. నిమిషానికోసారి చిన్నగా కిచ్‌మంటే మాత్రం అది ప్రమాదం కాదు, బ్యాటరీ అయిపోయిందో గడువు తీరిందో చెబుతోంది.

పొగ అలారానికి పడక దగ్గర ఆప్టికల్ రకం, అంటే వెలుతురుతో పొగను పట్టేది, చాలు. వంటగదిలో అదే పెడితే పోపు వేసినప్పుడల్లా మోగి చివరికి గుడ్డ చుట్టించుకుంటుంది, అక్కడ వేడికి మోగే రకం పెట్టండి. ఆ వేడి రకం సాధారణంగా 57 డిగ్రీల ప్రాంతంలో మోగుతుంది కాబట్టి ఇంజన్ గదికి అది సరిపోదు, ఇంకా ఎక్కువ డిగ్రీలది కావాలి.

ఇంజన్ అలారాలు చాలామంది బోటులో ఉంటాయి, పనిచేస్తున్నాయో లేదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవడం క్షణం పని. తాళం చెవి తిప్పండి, ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఆయిలు ప్రెజరు లేదు కాబట్టి బజరు మోగాలి. మోగలేదంటే ఆ అలారం చచ్చిపోయింది, దారిలో ఆయిలు పైపు పగిలినా అది నోరెత్తదు. ఆయిలు స్విచ్ తీగ ఊడదీసి ఇంజన్ బాడీకి తాకించండి. అప్పుడు మోగితే స్విచ్ పోయింది, మోగకపోతే వైరో బజరో. టెంపరేచరు స్విచ్ తీగకూ ఇదే పరీక్ష. అది వేడెక్కితేనే కలుస్తుంది కాబట్టి తీగ తెగినా ఏళ్ళ తరబడి నిశ్శబ్దంగా ఉండిపోతుంది. లారీ ఇంజన్‌నే మెరైన్‌గా మార్చిన బోటైతే ఈ స్విచ్‌లు లారీ షాపులోనే దొరుకుతాయి, పాతది పట్టుకెళ్ళి మరలు సరిచూసుకుని తెచ్చుకోండి. వరద రోజుల్లో ఇంజన్‌ను చల్లబరిచే నీళ్ళ జల్లెడ (స్ట్రైనరు) ఒండ్రుతో, గుర్రపుడెక్కతో పూడుతుంది. అందుకని టెంపరేచరు అలారం ఒక్కటే కాకుండా ఎగ్జాస్టు గొట్టం మీద వేడి సెన్సరు కూడా పెట్టించుకోవచ్చు. నీళ్ళు ఆగితే ముందు కాలేది ఆ గొట్టమే.

పెట్రోలు ఇంజన్ ఉన్నవాళ్ళకు ఒక షరతు ఎక్కువ. ఆ గదిలో పెట్టే ప్రతి పంపు, స్విచ్, ఫ్యాను నిప్పురవ్వ బయటికి రాని రకమై ఉండాలి, ఐఎస్ఓ 8846 గుర్తు చూడండి. ఇక్కడ మాత్రం లారీ షాపు సామాను పనికిరాదు. నేను మెరైన్ సరుకుకు పూర్తి ధర పెట్టమనే చోటు ఇదొక్కటే.

అన్నీ ఒకే ప్యానెల్‌లోనా, విడివిడిగానా, ఫోనులోనా

పాత యాట్లలో ఒక అందమైన ప్యానెల్ ఉంటుంది, పది పన్నెండు లైట్లు, ఒక బజరు. అది పనిచేస్తే ఉంచుకోండి. లోపలి బోర్డు కాలితే మాత్రం అలాంటిదే వెతికి తెప్పించే పని పెట్టుకోవద్దు. ఒక్క బోర్డు పోతే అన్ని అలారాలూ మూగబోయే ఏర్పాటు అది. గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్, పొగ వేటికవి సొంత బజరుతో విడిగా ఉండనివ్వండి. బిల్జ్, ఇంజన్ అలారాలకు నడిపేవాడి ముందు రెండు లైట్లు, ఒక సైరను. ఇంటి అలారాలు మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెళ్ళు మోగుతాయి, డీజిల్ ఇంజన్ పక్కన అది వినపడదు. లారీ రివర్సు హారను లాంటి మోత ఉన్నది బయట బిగించండి.

సిమ్ వేసి ఫోనుకు మెసేజి పంపే రకాలు వస్తున్నాయి. జెట్టీలో కట్టేసి ఊళ్ళో ఉండే యజమానికి బిల్జ్ సంగతి చెప్పడానికి బాగుంటాయి. శ్రీశైలం వెనుక జలాల్లో నల్లమల కొండల మధ్యకు పోయాక టవరు అందని చోట దాని మీద ఆధారపడేది లేదు. సైరను ఉన్నాక అదనంగా పెట్టుకోండి.

గ్యాసు లైను, జనరేటరు, ప్రధాన వైరింగు మార్చే ముందు సర్వే చేసే అధికారికి ఒక మాట చెప్పడం మేలు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే రెండూ ఉంటాయి. పని అయ్యాక విప్పి చూపమంటే ఖర్చు రెట్టింపు. మార్చేటప్పుడు పాత సామానుతో పాటు దాని వైరును కూడా రెండు చివరలా విప్పి లాగేయండి. గోడ వెనక నుంచి రానంటే చివర్లకు టేపు చుట్టి, అది దేని వైరో చీటీ రాసి కట్టండి, ఫ్యూజు మాత్రం తీసి జేబులో వేసుకోండి.